పైకి నాలుగు ప్లాస్టర్లు, లోపల పెద్ద ఆపరేషన్: పెద్దపేగు క్యాన్సర్ రోగుల్ని ఇంటికి పంపే తీరుపై బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో పెద్దపేగు క్యాన్సర్‌కు కీహోల్ సర్జరీలు (చిన్న రంధ్రాల్లోంచి ఆపరేషన్లు) చేస్తున్న సర్జన్లకు, వారి ఆసుపత్రుల యాజమాన్యాలకు, రాష్ట్ర వైద్యారోగ్య శాఖ అధికారులకు, ఆరోగ్యశ్రీ ట్రస్టుకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. క్యాన్సర్ వచ్చిన మా బావగారు ఈరోజు బతికి ఉన్నారంటే ఈ నగరంలోని సర్జన్ల చలవే. ఆ మాట ముందే చెప్పి అసలు సంగతికి వస్తాను.

జరిగింది వివరిస్తూ మొదట ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే ఉత్తరం రాశాం. 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని సెల్‌ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, అంతే. తర్వాత ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. రసీదు చేతికిచ్చారు. ఆ రసీదు ఇప్పటికీ మా దగ్గర భద్రంగా ఉంది, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈ బహిరంగ లేఖ. ఆసుపత్రి పేరుగానీ డాక్టరుగారి పేరుగానీ ఇందులో రాయడం లేదు. ఒక్క చోట జరిగే తప్పయితే ఆ ఒక్కరితోనే తేల్చుకునేవాళ్లం. క్యాన్సర్ వార్డుల బయట కుర్చీల్లో కూర్చుని పక్కవాళ్లతో మాట్లాడుతుంటే, ఆసుపత్రులు వేరైనా అందరి కథా ఒక్కలాగే వినిపించింది.

మా బావగారిది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. వ్యవసాయం. వయసు అరవై దాటింది. మలంలో రక్తం పడుతుంటే మొలలనుకుని చాలాకాలం నాటుమందు వాడారు. (దాని మీద ఇంకో లేఖ రాయాలి, ఇప్పుడు కాదు.) చివరికి కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా పంపి పెద్దపేగును చూసే పరీక్ష) చేస్తే పెద్దపేగు ఎడమవైపు కింది వంపులో గడ్డ బయటపడింది. నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కీహోల్ పద్ధతిలో (దీన్నే లాప్రోస్కోపీ అంటారు) ఆపరేషన్ చేసి, గడ్డ ఉన్న భాగం తీసేసి, రెండు కొసల్నీ స్టేప్లర్‌తో కలిపారు. మర్నాడే లేపి నడిపించారు. నాలుగోనాడు ఇంటికి వెళ్లొచ్చన్నారు. పొట్ట మీద నాలుగు చిన్న ప్లాస్టర్లు, నాభి కింద కాస్త పెద్దది ఒకటి. చూడటానికొచ్చిన చుట్టాలు "గింతేనా ఆపరేషన్?" అన్నారు. మా అక్క కూడా అంతేననుకుంది.

ఊరికి చేరాక పొట్ట ఉబ్బడం మొదలైంది. అన్నం సయించలేదు. "పొట్ట బిర్రుగైంది, ఊపిరి ఆడుతలేదంటున్నడు" అని అక్క నాకు ఫోన్ చేసింది. డిశ్చార్జి కాగితం మీదున్న నంబరుకు నేను చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నీ అయ్యాక లైన్లోకి వచ్చిన అమ్మాయి, "లాప్రోస్కోపీ కదా మేడమ్, గ్యాస్ ఉంటుంది. నడిపించండి. రివ్యూ డేట్‌కి ఓపీకి తీసుకొచ్చేయండి" అంది. ఊళ్లో ఆర్‌ఎంపీ కూడా గ్యాసేనన్నాడు. ఒక ఇంజెక్షన్ చేసి సెలైన్ పెట్టాడు. ఒళ్లు పెద్దగా కాలడం లేదు కాబట్టి భయం లేదన్నాడు. నొప్పికి మూడు పూటలా వేసుకుంటున్న పారాసిటమాల్ జ్వరాన్ని కప్పేస్తోందని మాకు తర్వాత తెలిసింది. నాడి మాత్రం పరుగెడుతూనే ఉంది. దాన్ని లెక్కపెట్టాలని మాకెవరూ చెప్పలేదు.

అతుకు ఊడింది. పేగులోని మలం కడుపులోకి చేరింది. మళ్లీ హైదరాబాద్ తీసుకొచ్చేసరికి బీపీ పడిపోయింది. అర్ధరాత్రి పొట్ట నిలువునా కోసి, కడిగి, పేగు కొసను పొట్ట పైకి తెచ్చి, మలం పడటానికి అక్కడ సంచి పెట్టారు. వెంటిలేటర్, ఐసీయూ. మొదటి ఆపరేషన్‌కు అయిన ఖర్చు రెండోదాని ముందు ఎంతో కాదు. అక్కావాళ్లు ఎకరం పొలం అమ్మారు.

లీకు కావడమే సర్జన్ తప్పని నేను అనడం లేదు. అది ఎంత చేయి తిరిగినవాళ్లకైనా ఎదురవుతుందని రెండో ఆపరేషన్ చేసిన డాక్టరుగారే ఓపిగ్గా వివరించారు. పెద్దపేగు కోసి కలిపిన నూరుమందిలో సుమారు ముగ్గురి నుంచి ఆరుగురికి అతుకు లీకవుతుంది. మలద్వారానికి దగ్గరయ్యేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. అతుకు దగ్గర రక్తప్రసరణ చాలకపోయినా, ఒంట్లో రక్తం, ప్రొటీన్ తక్కువగా ఉన్నా, షుగరు, పొగ అలవాటు ఉన్నా ముప్పు ఎక్కువ. పొట్టను పెద్దగా కోసినా, చిన్న రంధ్రాల్లోంచి చేసినా ఈ ముప్పు ఉంటుంది. మా ఫిర్యాదు లీకు గురించి కాదు. లీకయిన మనిషికీ ఆపరేషన్ టేబుల్‌కూ మధ్య పోయిన ఆ గంటల గురించి.

కీహోల్ సర్జరీ వద్దనీ నేను అనడం లేదు. క్యాన్సర్ విషయంలో ఇది పాత పద్ధతికి తీసిపోదని రుజువైంది. అమెరికాలో 872 మంది రోగులతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2004లో వచ్చాయి. క్యాన్సర్ తిరగబెట్టడంలోగానీ, బతికి ఉన్నవారి సంఖ్యలోగానీ రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కీహోల్ రోగులకు నొప్పి మాత్రలు తక్కువ రోజులు సరిపోయాయి. ఆసుపత్రిలో ఉన్నది మాత్రం సగటున 5 రోజులు, పెద్ద కోత వాళ్లు 6 రోజులు. తేడా ఒక్క రోజే. అదే పరీక్షలో కీహోల్‌గా మొదలుపెట్టిన ప్రతి అయిదుగురిలో ఒకరికి మధ్యలో పొట్ట కోయాల్సివచ్చింది. ఇప్పుడు చేతులు తిరిగాయి, పనిముట్లు మెరుగయ్యాయి, ఆ సంఖ్య తగ్గింది. అయినా ఈ రెండు ముక్కలూ మన హోర్డింగుల మీద కనిపించవు. 'చిన్న రంధ్రం, మూడు రోజుల్లో ఇంటికి' అన్న మాటే కనిపిస్తుంది.

మూడు రోజుల్లో ఇంటికి పంపడం తప్పేమీ కాదు, పంపే పద్ధతి ఉంటే. డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ 1990లలో మొదలుపెట్టిన త్వరిత కోలుకునే విధానం ఈరోజు ప్రపంచమంతా నడుస్తోంది. త్వరగా తాగించడం, త్వరగా నడిపించడం, సెలైన్లు అవసరానికి మించి ఎక్కించకపోవడం అందులో భాగం. రోగి ఇంట్లో ఉన్నా ఆసుపత్రి కన్ను అతని మీద ఉండటం కూడా అందులో భాగమే. మనవాళ్లు మొదటి సగం చక్కగా నేర్చుకున్నారు. రెండో సగం కోసమే ఈ కోరికలు.

1. ప్రమాద సూచనల కాగితం ప్రతి రోగి చేతికీ ఇవ్వాలి. తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి, ఒక్క పేజీ మించకూడదు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లిషులో నాలుగు పేజీలుంది. హిమోగ్లోబిన్ ఎంతో, ఏ కంపెనీ స్టేప్లర్ వాడారో అన్నీ ఉన్నాయి. ఏం జరిగితే పరుగెత్తుకు రావాలో లేదు. ఆ కాగితంలో ఉండాల్సినవి ఇవి: తగ్గాల్సిన కడుపునొప్పి తిరిగి పెరగడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, వాంతులు ఆగకపోవడం, విశ్రాంతిగా ఉన్నా నాడి నిమిషానికి 100 దాటి అలాగే ఉండటం, చలి, జ్వరం, ఆయాసం, మూత్రం తగ్గడం, మనిషి తికమకగా మాట్లాడటం, గాయం నుంచి చీముగానీ మలంగానీ రావడం, పిక్క వాచి నొప్పి పెట్టడం. మాత్రలు వేసుకుంటుంటే జ్వరం బయటపడకపోవచ్చని ప్రత్యేకంగా రాయాలి. ఈ లీకు ఎక్కువగా వారం రోజుల లోపలే బయటపడుతుంది, ఒక్కోసారి మూడు నాలుగు వారాలకు కూడా. అంటే నాలుగోనాడు ఇంటికి పంపిన మనిషి, అసలు ముప్పు రోజుల్లో ఇంట్లోనే ఉంటాడన్నమాట.

ఇంకో ముక్క కూడా రాయాలి. ఆపరేషన్ చేసేటప్పుడు పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. దానివల్ల భుజం నొప్పి రావడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అయిదో రోజునో ఆరో రోజునో పెరిగే కడుపునొప్పికి ఆ గ్యాస్ కారణం కాదు. ఈ రెండు వాక్యాలు మా అక్క చేతిలో ఉంటే ఆర్‌ఎంపీని అడిగి ఉండేది.

2. ఫోన్ ఎత్తేవాళ్లకు ఆ రోగి ఎవరో తెలియాలి. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే నంబరు ఇవ్వండి. దాన్ని కాల్ సెంటరుకు కలపకండి. సర్జన్‌గారే ఎత్తాలని మేం అడగడం లేదు. ఆయన ఆపరేషన్ థియేటర్లో ఉంటారు, ఆయనకూ ఇల్లుంటుంది. ఆ యూనిట్‌లోని డ్యూటీ డాక్టరో, సర్జరీ వార్డు నర్సో ఎత్తితే చాలు. ఏ రోజు ఆపరేషన్ అయింది, ఎక్కడ అతుకు వేశారు, నాడి ఎంత, పొట్ట ఎలా ఉంది అని నాలుగు ప్రశ్నలు అడిగి, అనుమానం ఉంటే 'ఇప్పుడే బయల్దేరండి' అనగలగాలి. రోగి చేసేదాకా ఆగకుండా ఇంటికెళ్లిన మర్నాడూ, వారం లోపల ఇంకోసారీ మీవైపు నుంచే ఫోన్ రావాలి. పుట్టినరోజుకు శుభాకాంక్షలు, హెల్త్ చెకప్ మీద డిస్కౌంటు అంటూ మా నంబర్లకు మెసేజీలు పంపే ఏర్పాటు మీ దగ్గర ఎలాగూ ఉంది.

3. ప్యాకేజీలో ఎన్ని రాత్రులుంటే అన్ని రాత్రులకే డిశ్చార్జి అనే పద్ధతి ఆపాలి. అన్నం తిని నిలుపుకుంటున్నాడా, గ్యాసో విరేచనమో అయిందా, మాత్రలతో నొప్పి అదుపులో ఉందా, సొంతంగా నడుస్తున్నాడా, నాడీ జ్వరమూ సరిగా ఉన్నాయా అని చూసుకుని పంపాలి. ఆపరేషన్ తర్వాత పేగులు కొన్నాళ్లు మొరాయించడం సహజం. కొందరికి అది వారం దాకా సాగుతుంది. అలాంటివాళ్లను తొందరపెట్టి పంపకూడదు. సీఆర్‌పీ అనే రక్తపరీక్ష ఉంది, ఖర్చు వందల రూపాయల్లోనే. మూడో నాలుగో రోజున అది లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటి ఉంటే లోపల ఏదో ఉందేమోనని సర్జన్లు అనుమానిస్తారు, బాగా తక్కువుంటే ధైర్యంగా పంపుతారు. అదొక్కటే తేల్చేస్తుందని కాదు. కానీ లక్షల బిల్లులో చేతి గ్లవుజులక్కూడా విడిగా లెక్క రాసినప్పుడు ఈ పరీక్ష ఎందుకు లేదని అడిగే హక్కు మాకుంది. మా బావగారి కాగితాల్లో అది ఎక్కడా లేదు.

4. తిరిగొచ్చిన రోగిని కొత్త రోగిలా చూడకండి. ఆపరేషనైన నెల లోపల కడుపునొప్పితో వచ్చిన మనిషిని ఎమర్జెన్సీ కౌంటర్ దగ్గర నిలబెట్టి ఆధార్, అడ్వాన్స్ అడిగారు. లోపల డ్యూటీ డాక్టరు కథంతా మొదటినుంచి చెప్పించుకున్నారు. ఆ తర్వాతే సీటీ స్కాన్‌కు పంపారు. ఒక్క నెలపాటు చెల్లే కార్డు ఇవ్వండి, రంగు మీ ఇష్టం. అది చూపిస్తే డబ్బు మాట తర్వాత, సర్జన్‌కు ఫోన్ ముందు. ఆరోగ్యశ్రీ రోగులైతే ఆ కాంప్లికేషన్‌కు చేసే రెండో ఆపరేషన్‌కు అనుమతి గంటల్లో రావాలి. పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, సంతోషం. డబ్బు ఉన్నా ఫైలు కదలకపోతే ఆ పెంపు పేగు లీకయిన మనిషిదాకా చేరదు.

5. జిల్లా డాక్టరుకు నాలుగు వాక్యాలు రాసివ్వండి. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికైనా, నిమ్స్‌కైనా, ప్రైవేటు ఆసుపత్రులకైనా రోగులు ఆదిలాబాద్ నుంచి, ఖమ్మం నుంచి, పాలమూరు నుంచి వస్తారు. ఆపరేషనయ్యాక వెళ్లేదీ అక్కడికే. రాత్రిపూట ప్రాణం మీదికొస్తే 108 దగ్గర్లోని ఆసుపత్రికే చేరుస్తుంది. అక్కడి డాక్టరుకు ఏ పేగు తీశారో, అతుకు ఎక్కడుందో, లీకు అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి. 'లాప్ యాంటీరియర్ రిసెక్షన్, అన్‌ఈవెంట్‌ఫుల్' (కీహోల్‌లో పెద్దపేగు కింది భాగం తీశాం, ఇబ్బందేమీ రాలేదు) అన్న ఒక్క లైనుతో ఆయన ఏం చేస్తాడు? ఊరికి దూరంగా ఉండేవాళ్లను మొదటి వారం పది రోజులు నగరంలోనే చుట్టాలింట్లోనో, లాడ్జిలోనో ఉండమని ఆపరేషన్‌కు ముందే చెప్పండి. వనస్థలిపురంలో నా ఇల్లుంది, వాళ్లు సూర్యాపేటకు వెళ్లాల్సిన అవసరమే లేదు. అడిగినవారు లేరు.

6. సంతకం పెట్టించేముందు చెప్పండి. ఆపరేషన్‌కు ముందు రాత్రి, ఇంగ్లిషు కాగితాల కట్ట తెచ్చి ఇంటూ గుర్తులున్న చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు. అందులో లీకు అని ఉంది, సంచి అని కూడా ఉందట. బావగారు అయిదో తరగతి చదివారు, తెలుగు పేపరు చక్కగా చదువుతారు. సంచి సంగతి ఆయనకు తెలిసింది స్పృహ వచ్చి పొట్ట తడుముకున్నప్పుడు. రోగికి అర్థమయ్యేలా తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్న సమ్మతే సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. మధ్యలో పొట్ట కోయాల్సి రావచ్చు (అది ఓటమి కాదు, ముందుజాగ్రత్తే); అతుకు ఊడొచ్చు; సంచి పడొచ్చు, కొన్నాళ్లకైనా, శాశ్వతంగానైనా. ఈ మూడు మాటలూ ఓపీలోనే, ఇంటివాళ్లు పక్కనుండగా తెలుగులో చెప్పండి. భయపడి పారిపోతారనుకుంటారేమో. మేం పారిపోం, ఎటు పోతాం?

7. సంచి పెట్టిన మనిషికి దాంతో బతకడం నేర్పండి. ఇది అన్నిటికంటే ఎక్కువగా ఇళ్లల్లో నలిగిపోయే విషయం, బయట ఎవరూ మాట్లాడని విషయం. మొదట్లో సంచి అంచు సరిగా అతకక, కారిన మలంతో బావగారి చర్మం పుండైపోయింది. రంధ్రాన్ని కొలిచి, దానికి తగ్గట్టు సంచి ప్లేటును కత్తిరించి, చర్మం పూర్తిగా ఆరాక అతికించాలని మాకు చెప్పింది ఇంకో రోగి భార్య, ఒక ఆసుపత్రి వరండాలో. దానికి శిక్షణ పొందిన నర్సులుంటారని అప్పుడే విన్నాం. ఒక్కో సంచి వందల రూపాయలు, జిల్లా మందుల షాపుల్లో దొరకదు. దాంతో కొందరు అదే సంచిని కడిగి కడిగి వాడుతున్నారు. చిన్నపేగును పైకి తెచ్చినవాళ్లకైతే ద్రవం ఎక్కువగా పోతుంది. రోజుకు లీటరున్నర దాటితే ఎండాకాలంలో రెండు రోజుల్లో కిడ్నీల మీద పడుతుంది. వాళ్లు ఉత్తి నీళ్లు కాకుండా ఓఆర్‌ఎస్ తాగాలి. ఈ మాట ఎంతమందికి చెబుతున్నారు?

మనిషి సంగతి కూడా చూడండి. మా బావగారు మేనకోడలి పెళ్లికి రాలేదు. బస్సెక్కడం మానేశారు. గుడికి వెళ్లొచ్చా అని అక్క నన్ను గుసగుసగా అడిగింది. ఈ ప్రశ్నకు డాక్టరు జవాబు చెప్పనక్కర్లేదు, సంచితో బతుకుతున్న ఇంకో మనిషిని పరిచయం చేస్తే చాలు. సంచులు, అతికించే పేస్టు ఆరోగ్యశ్రీ ద్వారా నెలనెలా అందేలా ట్రస్టు చూడాలి. జిల్లా కేంద్రంలో దొరకాలి, హైదరాబాద్‌కు తిప్పకూడదు.

8. ఇంటి పత్యం గురించి ఒక డైట్ చార్టు కాకుండా ఒక సంభాషణ కావాలి. ఓట్స్, బ్రకోలీ రాసిన చార్టు మాకూ ఇచ్చారు. మా ఇళ్లల్లో పప్పు తింటే కుట్లు చీము పడతాయంటారు, గుడ్డు వేడి అంటారు, పెరుగు చలవ అంటారు. చివరికి అప్పుడే పేగు కోయించుకున్న మనిషి నెలరోజులు ఇడ్లీ, బార్లీ నీళ్ల మీద ఉంటాడు, గాయం మానడానికి కావలసిన ప్రొటీన్ దగ్గరికి రానివ్వరు. 'మెత్తగా ఉడికిన పెసరపప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి, పెరుగన్నం పెట్టండి' అని సర్జన్ నోటితో ఒక్కసారి అంటే మా అత్తమ్మలు కూడా వింటారు. కుడివైపు పేగు తీసిన వాళ్లకు నెలల తరబడి పలుచటి విరేచనాలు కావచ్చని, దానికి మందుందని కూడా చెప్పండి. బరువులెత్తడం గురించీ అంతే. రైతు మనిషికి 'విశ్రాంతి తీసుకోండి' అంటే అర్థం కాదు. 'ఆరు వారాలు యూరియా బస్తా ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఆ చిన్న కోత దగ్గరే హెర్నియా వస్తుంది' అంటే అర్థమవుతుంది.

రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద చేసే ఇంజెక్షన్ల సంగతి ఇక్కడే చెప్పాలి. క్యాన్సర్‌కు పొట్ట ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి నాలుగు వారాలు కొనసాగించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అవి ఎందుకో తెలియక, ఖరీదు చూసి, 'కుట్లు మానాయి కదా' అని మధ్యలో ఆపేసినవాళ్లను నేను చూశాను.

9. బయాప్సీ రిపోర్టు రోగిది. అది చేతికిచ్చి, కూర్చోబెట్టి చెప్పండి. ఎన్ని లింఫు గ్రంథులు పరీక్షించారు (కనీసం 12 చూడాలంటారు), ఎన్నింటిలో క్యాన్సర్ ఉంది, తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేకుండా ఉందా, ఎంఎంఆర్ పరీక్ష (గడ్డ కణాల్లో డీఎన్‌ఏ తప్పుల్ని దిద్దే ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూసేది) చేశారా అన్నవాటి మీదే కీమో అవసరమా కాదా అన్నది తేలుతుంది. కీమో అవసరమైనవాళ్లకు ఆపరేషనైన ఆరు నుంచి ఎనిమిది వారాల లోపల మొదలుకావాలి. ఆలస్యమైనకొద్దీ దాని ఫలితం తగ్గుతుంది. లీకును ఆలస్యంగా పట్టుకుంటే జరిగే రెండో నష్టం ఇది: గాయాలు మానేసరికి కీమో గడువు దాటిపోతుంది. మా బావగారికి అదే అయింది. రేపు క్యాన్సర్ తిరగబెడితే అది ఏ లెక్కలోనూ లీకు ఖాతాలోకి రాదు.

క్యాన్సర్ తిరగబెట్టిందేమో కనిపెట్టే సీఈఏ రక్తపరీక్ష మొదటి రెండేళ్లూ మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆపరేషనైన ఏడాది తర్వాత కొలనోస్కోపీ, సీటీ స్కాన్లు. ఈ తేదీలన్నీ డిశ్చార్జి రోజునే రాసివ్వండి. రోగి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా కొలనోస్కోపీ చేయించుకోవాలని చెప్పండి. 40 ఏళ్లకో, రోగికి క్యాన్సర్ బయటపడిన వయసుకు పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు. మా అక్క కొడుక్కి ఈ సంగతి నేను చెప్పాను, డాక్టర్లెవరూ చెప్పలేదు.

10. రికార్డులు అడిగితే ఇవ్వండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. మాకు అంతకంటే చాలా ఆలస్యంగా, అదీ సగమే ఇచ్చారు.

11. ఇది వైద్యారోగ్య శాఖకూ, ఆరోగ్యశ్రీ ట్రస్టుకూ. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్లు చేసే ప్రతి ఆసుపత్రీ ఏడాదికి ఎన్ని చేసింది, ఎన్నింటిలో మధ్యలో పొట్ట కోయాల్సివచ్చింది, ఎందరికి లీకయింది, నెల లోపల ఎందరు తిరిగొచ్చారు, ఎందరు చనిపోయారు అనే అయిదు అంకెలు మీకు ఇవ్వాలి, మీరు ప్రజలకు చెప్పాలి. పెద్ద ఆసుపత్రులకు కష్టమైన కేసులు ఎక్కువ వస్తాయి, అంకెలు చూసి జనం అపార్థం చేసుకుంటారని సర్జన్లు అంటారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. రోగి వయసు, క్యాన్సర్ దశ, ఎమర్జెన్సీయా కాదా అన్నవి కూడా పక్కన ప్రచురించండి. ఇప్పుడు ఈ అంకెలు లేనందువల్ల మాకు మిగిలింది హోర్డింగు, తెలిసినవాళ్ల మాట, ఆసుపత్రి ప్రచారం కోసం ఊళ్లోకి వచ్చే పీఆర్ఓ. మూడింటిలో ఏదీ ఆసుపత్రిని ఎంచుకోవడానికి పనికొచ్చే ఆధారం కాదు. ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల్లో రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రలు ఉన్నారు. ఇంటికెళ్లిన క్యాన్సర్ రోగికి ఫోన్ చేసి, ఆ ప్రమాద సూచనలు ఒక్కొక్కటీ చదివి అడిగే పని వాళ్లకు అప్పగించవచ్చు.

ఈ పదకొండింటిలో మొదటి రెండింటికీ, నాలుగోదానికీ కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు, బడ్జెట్ సమావేశం దాకా ఆగనక్కర్లేదు. వచ్చే సోమవారం నుంచి మొదలుపెట్టొచ్చు.

మొదటి అంశంలో అడిగిన తెలుగు కాగితం నమూనా మేమే తయారుచేశాం. రెండో ఆపరేషన్ చేసిన డాక్టరుగారు చదివి రెండు చోట్ల దిద్దారు. ఉర్దూలోకి మా వీధిలోని ఒక టీచరు మార్చిపెడుతున్నారు. ఈ లేఖతో జతచేసి పంపుతున్నాం. ఏ ఆసుపత్రి అయినా తన పేరు పైన ముద్రించుకుని వాడుకోవచ్చు, మా అనుమతి అడగనవసరం లేదు.

నెల రోజుల్లో శాఖ నుంచి, ట్రస్టు నుంచి రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. రాకపోతే ఆరోగ్యశ్రీ కింద జరిగిన పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్లలో నెల లోపల తిరిగి చేరినవారి లెక్కల కోసం, 2005 సమాచార హక్కు చట్టం కింద ఆసుపత్రులవారీగా దరఖాస్తులు పెడతాం. దరఖాస్తులు రాసి ఉంచాం.

ఇట్లు,
ఒక రోగి మరదలు,
వనస్థలిపురం, హైదరాబాద్